గాడిద రాసిన స్వేచ్ఛా చట్టం

అడవి అంచున, ఏటి ఒడ్డున ఒక ఇటుక బట్టీ ఉంది. యజమాని ఎలుగుబంటి. ఆయన బట్టీలో కనిపించేది తక్కువ, తేనెపట్టుల కింద నిద్రపోయేది ఎక్కువ. అందుకని పెత్తనమంతా మేస్త్రీ గుంటనక్కది. ఎద్దులు బంకమట్టి తొక్కేవి. గాడిదలు ఆరిన పచ్చి ఇటుకలను జోడుగంపల్లో మోసుకుంటూ గట్టెక్కి బట్టీ దగ్గర దించేవి. వాటితోపాటు ఒక పొట్టి గుర్రం కూడా మోసేది. తాను చేసేది కూలిపని కాదని, ఒంటికి మంచిదని చేస్తున్న వ్యాయామమని అది అందరికీ చెప్పుకునేది.

ఆ బట్టీలో జంతువులకు ఒక సంఘం ఉంది. అది ఇంతకాలం పోరాడి సాధించింది ఒక్కటే: ఇటుక గంప అంచు దాటకూడదు. అంచు పైన ఇటుక కనిపిస్తే, ఆ గంప మోసే జంతువు ఉన్నచోటే కూర్చుంటుంది. దాన్ని చూసి అందరూ కూర్చుంటారు. అందరూ కూర్చుంటే బట్టీ చల్లారుతుంది. బట్టీ చల్లారితే ఎలుగుబంటికి మెలకువ వస్తుంది. అది మేస్త్రీ ఆరోగ్యానికి మంచిది కాదు.

అయితే మొదట కూర్చున్న జంతువుకు మేస్త్రీ ఆ పూట తవుడు ఆపేసేవాడు. కూర్చునేవాళ్లు ఆకలికి భయపడకూడదని, ప్రతి సాయంత్రం ప్రతి జంతువూ తన వంతు తవుడులోంచి ఒక బుక్కెడు సంఘం తొట్టిలో వదిలేది. దాన్ని సంఘం బుక్క అనేవారు.

ఇక మన కథానాయకుడు. అసలు పేరు బూడిదయ్య, కుర్ర గాడిద. రోడ్డు పక్క గోడలమీద పోస్టర్లను మైదా జిగురుకోసం తినడం మొదలుపెట్టి, తినబోయే ముందు చదవడం అలవాటు చేసుకున్నాడు. అలా చాలా జీర్ణించుకున్నాడు. విప్లవం, విమోచన, వ్యక్తి స్వాతంత్ర్యం, పండగ తగ్గింపు ధరలు, అన్నీ ఒకే కడుపులోకి వెళ్లాయి. ఒకరోజు తన పేరు జ్వాల అని ప్రకటించుకున్నాడు. రోజంతా మంట పక్కన పనిచేసేవాళ్లు ఆ పేరుకేమీ ఉలిక్కిపడలేదు. "ఒరే బూడిదా" అనే పిలిచారు. దీనికి అతన్ని చూసి నవ్వే ధైర్యం నాకు లేదు. చదివినదంతా ఆ సాయంత్రమే అరిచి చెప్పాలనుకునే జాతిలో మనమూ లేకపోలేదు.

ఒక సాయంత్రం జ్వాల సంఘం తొట్టి దగ్గర మూతి బిగించి నిలబడ్డాడు.

"బుక్క వెయ్యరా," అన్నాడు సంఘం పెద్ద పెంటయ్య. ముసలి ఎద్దు, మోకాళ్లదాకా ఎండిన మట్టి.

"వెయ్యను."

"కడుపులో బాగాలేదా?"

"అంతరాత్మలో బాగాలేదు."

"అదెక్కడుంటుందిరా? పక్కటెముకల దగ్గరా?"

"మావా, సూటిగా అడుగుతున్నాను. ఈ సంఘంలో నేనెప్పుడు చేరాను?"

"నువ్వు పుట్టగానే చేర్చేశాం."

"నన్ను అడిగారా?"

"అప్పుడు పాలు తాగుతున్నావుగా."

"పాలు మానేశాక అడిగారా?"

పెంటయ్య నెమరు వేయడం ఆపాడు. "అడిగేదేముందిరా? అందరూ వేస్తున్నారు."

"అందరూ వేస్తున్నారని వేసేది విరాళం కాదు, కప్పం! వ్యక్తి స్వేచ్ఛను మంద కాళ్లకింద తొక్కే ఏ సంస్థనైనా..."

"ఒరే, పొద్దుట్నుంచి మట్టి తొక్కి తొక్కి నా కాళ్లు పడిపోయాయి. నిన్ను తొక్కే ఓపిక నాకెక్కడిది? వేసి పో."

అప్పుడు సూరాలమ్మ కలగజేసుకుంది. తల్లి పోయిన జ్వాలను పెంచిన ముసలి గాడిద ఆమె. గట్టెక్కేటప్పుడు ఆమె వెనక కాళ్లు వణుకుతాయి. "కుర్రాడు అరుస్తున్నాడు గానీ, అడిగిందాంట్లో తప్పులేదు పెంటయ్యా. సంఘం మీటింగు ఎప్పుడు పెడతావు నువ్వు? మిట్టమధ్యాహ్నం, మీ ఎద్దులకు కాడి విప్పాక. అప్పుడు మేం గట్టుమీద ఇటుకలతో ఉంటాం. మీరే మాట్లాడుకుంటారు, మీరే తోకలెత్తి సరేనంటారు, సాయంత్రం మాకు చెబుతారు."

"పద్ధతి అలా వచ్చిందమ్మా."

"వచ్చిన దారినే పంపించెయ్యరాదూ?"

"వచ్చే మీటింగులో ఆలోచిద్దాం," అన్నాడు పెంటయ్య.

"అదీ మధ్యాహ్నమే కదా!" అని అరిచి, బుక్క వేయకుండా వెళ్లిపోయాడు జ్వాల.

ఇటుకల వరస వెనక మేస్త్రీ ఇదంతా వింటున్నాడు.

మర్నాడు గట్టు దారిలో మేస్త్రీ ఎదురొచ్చి, "జ్వాల గారూ," అన్నాడు.

పుట్టాక మొదటిసారి ఒకరు తనను జ్వాల అన్నారు. పైగా గారు. జ్వాల చెవులు రెండూ వాటంతటవే నిటారుగా లేచాయి.

"నిన్న మీ మాటలు విన్నాను. ఒళ్లు గగుర్పొడిచిందండీ."

"మీరు పీడక వర్గం," అన్నాడు జ్వాల. అనాలనుకున్నంత గట్టిగా అనలేకపోయాడు.

"పీడకుణ్ణేనండీ, కాదని ఎలా అంటాను? మరి మీ నోటి దగ్గర తవుడు తీసుకుంటున్నది మాత్రం నేను కాదు కదా. ఎవరంటారు?"

అడిగిన ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు చెప్పకపోతే జ్వాలకు ఊపిరాడదు. "సంఘం," అన్నాడు.

"నేననలేదు సుమండీ, మీరే అన్నారు. దీనికొక చట్టం ఉండాలి. రాసేవాళ్లేరీ? నాకు లెక్కలు తప్ప భాష రాదు. ఎద్దుల సంగతి మీకు తెలిసిందే. ఈ బట్టీ మొత్తానికి..." మేస్త్రీ మర్యాదగా మాట సగంలో ఆపాడు.

"నేనే," అన్నాడు జ్వాల.

పచ్చి మట్టి పలకమీద గిట్టతో చట్టం రాశాడు: "ఎవరి వీపు వారిది. ఎవరి తవుడు వారిది. ఇష్టంలేని ఏ జంతువునూ సంఘంలో చేరమనిగానీ, బుక్క వెయ్యమనిగానీ, పనిలో కూర్చోమనిగానీ ఎవరూ బలవంతపెట్టరాదు." చదువుకున్నాడు. అద్భుతంగా అనిపించింది. ఇంకోసారి చదువుకున్నాడు.

"అడుగున ఒక్క ముక్క నాది కూడా పెట్టండి," అన్నాడు మేస్త్రీ. "సంఘంలో చేరకపోయినా, బుక్క వెయ్యకపోయినా, గంప అంచు నియమం అందరికీ ఒకేలా వర్తించాలి."

"మేస్త్రీ గారూ! ఇది మీరు అంటున్నారా?"

"సమానత్వమండీ. అందరూ బాగుండాలి కదా."

జ్వాల కళ్లలో నీళ్లు తిరిగాయి. పలకను బట్టీలో పెట్టి కాల్చారు. రాయిలా గట్టిపడింది. ఎలుగుబంటి నిద్రమత్తులోనే పంజా ఊపి ఒప్పుకున్నాడు.

చట్టం వినిపించగానే సూరాలమ్మ అడిగింది: "ఆ అంచు మాట నక్క ఎందుకు కలిపాడ్రా?"

"ఉదారత అత్తా. చరిత్ర మారుతోంది."

"చరిత్ర సంగతి నాకు తెలీదు. నక్క మాత్రం మొన్నటిలాగే ఉన్నాడు."

సంఘంలోంచి మొదట బయటికొచ్చింది గుర్రం. "స్వభావరీత్యా నేను స్వేచ్ఛాజీవిని," అంది, మిగుల్చుకున్న బుక్కెడు తవుడు నములుతూ. జ్వాల ఆ గుర్రాన్ని అభినందించాడు. తరవాత దాలయ్య అనే మధ్యవయసు గాడిద వచ్చాడు.

"తమ్ముడూ, నేను సంఘానికి వ్యతిరేకం కాదు. సంఘం ఉండాలి. పెంటయ్య మావ దాన్ని బాగా నడపాలి. ఆ అంచు పోకూడదు. తవుడు మాత్రం నేను తినేస్తాను. చట్టం ఒప్పుకుంటుందా?"

"సంపూర్ణంగా!" అన్నాడు జ్వాల.

అందరిదీ అదే లెక్క. బుక్క వేసినా అంచు ఉంటుంది, వేయకపోయినా అంచు ఉంటుంది. అలాంటప్పుడు వేసేది ఎవరు? గాడిదలు మానేశాయి, వాటిని చూసి ఎద్దులూ మానేశాయి. చివరికి తొట్టిలో బుక్క వేసేది పెంటయ్య, సూరాలమ్మ మాత్రమే. ఖాళీగా ఉందని ఒక కోడి ఆ తొట్టిలో గుడ్లు పెట్టుకుని, ఆ ఇద్దరు వేసిన తవుడూ తానే తినేసేది.

"అత్తా, నువ్వింకా ఎందుకు వేస్తున్నావు?"

"నా ఇష్టం. నీ చట్టం వెయ్యొద్దందా?"

"అనలేదు."

"మరి నోరు ముయ్యి."

ఆ కోడి గుడ్లు పొదగడం మొదలుపెట్టిన రోజున, మేస్త్రీ సూరాలమ్మ గంపల్లో అంచు పైదాకా ఇటుకలు పేర్చాడు. కావాలనే ఆమెను ఎంచుకున్నాడు. వణికే కాళ్ల మీద ప్రయోగం చేస్తే ఫలితం త్వరగా తెలుస్తుంది. సూరాలమ్మ గట్టు మొదట్లో కూర్చుంది. దూరంగా మట్టిగుంటలో పెంటయ్య కూర్చున్నాడు. మిగిలిన గాడిదలు ఆమె వైపు చూశాయి. తొట్టి వైపు చూశాయి. తొట్టిలోంచి కోడి వాటి వైపు చూసింది. గాడిదలు తల దించుకుని గట్టెక్కాయి.

"పాపం," అంది గుర్రం, పక్కనుంచి వెళుతూ.

జ్వాల పరిగెత్తుకొచ్చాడు. "మేస్త్రీ గారూ! అన్యాయం! అంచు నియమం అందరికీ ఒకేలా వర్తించాలి!"

"వర్తిస్తుందండీ. నియమం ఎక్కడికి పోయింది? పలకమీదే ఉంది."

"మరి ఆ ఇటుకలు తీయించండి!"

"నియమాన్ని కాపాడేది సంఘం కదండీ. నేను మేస్త్రీని. సంఘాన్ని పిలవండి, మాట్లాడదాం."

జ్వాల వెనక్కి తిరిగి చూశాడు. పొట్టదాకా బురదలో కూర్చున్న ఒక ఎద్దే ఇప్పుడు సంఘం.

"రారా బూడిదా," అన్నాడు పెంటయ్య. "ఇక్కడ చోటు బోలెడుంది."

ఆ పూట సూరాలమ్మకు తవుడు లేదు. "మొయ్యలేకపోతే బలవంతం ఏమీ లేదమ్మా," అన్నాడు మేస్త్రీ ఎంతో నెమ్మదిగా. "స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు." వెళితే వెళ్లాల్సింది అడవిలోకి. అక్కడ చిరుత తిరుగుతుంది. వణికే కాళ్లతో వచ్చే ముసలి గాడిదంటే దానికి చాలా ఇష్టం.

మర్నాడు అందరి గంపల్లోనూ ఇటుకలు అంచు దాటాయి. సూరాలమ్మ ఈసారి కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని పళ్లు బిగించి మోసింది. గట్టు సగంలో ఆమె ముందుకాలు జారి, మోకాలు నేలకు కొట్టుకుంది.

జ్వాల రక్తం మరిగింది. గట్టు నడిమధ్య, నలుగురికీ కనిపించే చోట చూసుకుని, ఛాతీ విరిచి కూర్చున్నాడు. ఒక మహత్తర ఘట్టం మొదలైందని అనుకున్నాడు.

"కాస్త పక్కకి జరగరా బూడిదా, దారికి అడ్డం," అన్నాడు వెనకనుంచి దాలయ్య.

"దాలయ్యన్నా! నేను కూర్చున్నాను!"

"కనబడుతోందిరా. అందుకే జరగమంటున్నా."

గాడిదల వరస అతని చుట్టూ వంపు తిరిగి వెళ్లిపోయింది. మేస్త్రీ వచ్చి, వంగి, ఆప్యాయంగా చూశాడు. "కూర్చున్నారా? సంతోషం. అది మీ హక్కండీ. ఇటుకలు దింపించుకునే హక్కు లేదు గానీ, కూర్చునే హక్కు మాత్రం పూర్తిగా ఉంది." ఆ పూట జ్వాలకూ తవుడు లేదు. ఘట్టం మొత్తానికి సాక్షి ఒక ఈగ.

పొద్దుగుంకే వేళ సూరాలమ్మ మోకాలి మీద తడిమట్టి అద్దుకుంటుంటే జ్వాల పక్కన నిలబడి అన్నాడు: "అత్తా, నేను గాడిదను."

"ఇప్పుడు తెలిసిందా నీకు?"

"నవ్వకు అత్తా. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"చావకు. చచ్చినా ఆ ఇటుకలు నా గంపలోకే వస్తాయి."

జ్వాల తన చట్టం పలక ముందు నిలబడ్డాడు. పగలగొడదామని తన్నాడు. గిట్ట నొప్పి పుట్టింది. పలకకు ఏమీ కాలేదు, అంత బాగా కాల్చారు. వేరే దారి లేక మళ్లీ చదివాడు. ఇంతకుముందు మెచ్చుకోవడానికి చదివాడు. తన రాతలో కన్నం వెతకడానికి చదవడం ఇదే మొదటిసారి. ఎవరూ బలవంతపెట్టరాదు. బాగానే ఉంది. బలవంతపెట్టరాదు. అంతేనా? అడగరాదని ఎక్కడా లేదు. అడగడమనేది ఒకటుందని రాసినవాడికీ తోచలేదు, రాయించినవాడికీ తోచలేదు.

మర్నాడు గట్టెక్కుతున్న దాలయ్య పక్కన చేరాడు. "దాలయ్యన్నా! శ్రమజీవుల ఐక్యతే..."

"ఎవరి వీపు వారిది తమ్ముడూ," అన్నాడు దాలయ్య రొప్పుతూ. "ఎంత బాగా రాశావురా ఆ మాట. మా ఇంటిదానికి కూడా చెప్పాను."

జ్వాల అడుగు కలిపి నడిచాడు. పోస్టర్లలోని మాటలన్నీ వెతికాడు. పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. చివరికి తన మాటలే మిగిలాయి.

"అన్నా, అత్తకు మోకాలు చితికింది, మొయ్యలేకపోతోంది. తవుడు లేదు. ఇలా ఉంటే ఆవిడ ఇక్కడ ఉండలేదు. ఒక బుక్క పెడతావా? పెట్టకపోతే ఏమీ అనను."

దాలయ్య ఆగాడు. "నన్ను అడుగుతున్నావా?"

"నిన్నే."

"ఒరే, నేను పుట్టినప్పట్నుంచి నన్నెవరూ ఏమీ అడగలేదురా. పెట్టు అన్నారు, మొయ్యి అన్నారు, పద అన్నారు. నువ్వూ మొన్న స్వేచ్ఛగా ఉండు అని అరిచావు, అంతే." గంపలు సర్దుకున్నాడు. "పెడతాను. కానీ నాదీ ఒక మాట. మీటింగు పొద్దున్నే పెట్టాలి, గంపలు ఎత్తకముందు. నేనూ తోక ఎత్తాలి."

ఈ మాట విని పెంటయ్య బురదలోంచి లేచాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. ఆజ్ఞలివ్వడం అలవాటైన గొంతుకు అడగడం కష్టంగా వచ్చింది. "మీకు... పొద్దున్న వీలవుతుందా?" అని గాడిదలను అడిగాడు. గాడిదలు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. వీలవుతుందన్నాయి.

జ్వాల ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. కొందరు పెడతామన్నారు. కొందరు ఆలోచిస్తామన్నారు. ఒకడు మళ్లీ ఉపన్యాసం మొదలుపెట్టనని ఒట్టు పెడితే ఇస్తానన్నాడు. జ్వాల ఒట్టు పెట్టాడు, అది అతనికి ప్రాణం పోయినంత పని అయింది. గుర్రాన్నీ అడిగాడు.

"నాకెందుకు బాబూ ఈ రాజకీయాలు?" అంది గుర్రం. "నాది వ్యాయామం."

కోడిని బతిమాలి, గుడ్లతో సహా గడ్డివామి పక్కకు పంపించారు. తొట్టి మెల్లగా నిండింది. సూరాలమ్మ తిన్నది. మోకాలు కొంచెం నిలబడింది.

తవుడు తొట్టి అంచుదాకా వచ్చిన మర్నాడు, పొద్దున్నే మీటింగు జరిగింది. తోకలన్నీ లేచాయి. గంపలెత్తగానే, అంచు పైన ఇటుక చూసి దాలయ్య గట్టు మొదట్లో కూర్చున్నాడు. సూరాలమ్మ కూర్చుంది. గట్టు పొడుగునా గాడిదలన్నీ కూర్చున్నాయి. గుంటలో ఎద్దులు కూర్చున్నాయి. గుర్రం ఒక్కటే టకటకమంటూ పైకీ కిందికీ తిరిగింది. ఒక గుర్రం మోసే ఇటుకలతో బట్టీకి ఒక మూలైనా నిండదు.

మేస్త్రీ పలక పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "చట్టం! చట్ట విరుద్ధం! ఎవర్నీ కూర్చోమని బలవంతపెట్టకూడదు! దాలయ్యా, నిన్నెవరు బలవంతపెట్టారు?"

"ఎవరూ పెట్టలేదండీ. అడిగారు. నాకిష్టమై కూర్చున్నాను."

"ఇష్టమేమిట్రా! ఏమమ్మా సూరాలమ్మా, నువ్వు చెప్పు. భయపడకు."

"నాకు చాలా ఇష్టంగా ఉందండీ మేస్త్రీ గారూ. ఇంత హాయి ఉంటుందనుకోలేదు. మీరూ కూర్చోండి."

మేస్త్రీ గట్టంతా తిరిగి ప్రతి గాడిదనూ అడిగాడు. ప్రతి గాడిదా ఇష్టమేనంది. చివరికి జ్వాల దగ్గరికొచ్చి పళ్లు నూరాడు. "ఒరే బూడిదా, ఇది నువ్వు రాసిన చట్టమేనా?"

గారు పోయిన సంగతి జ్వాల గమనించాడు. కొంచెం బాధ కూడా వేసింది. "అవునండీ. మీరు కాల్పించారు."

ఇంతలో మంట తగ్గింది. పొగ సన్నబడింది. తేనెపట్టుల దిక్కునుంచి ఒక పెద్ద ఆవులింత, దాని వెనకే ఒక గర్జన వినిపించాయి. మేస్త్రీ పలక కిందపడేసి, తన చేతుల్తో తానే గంపగంపకూ తిరిగి, అంచు పైనున్న ఇటుకలన్నీ దింపాడు. నడుము పట్టేసింది. అయ్యోపాపం అన్నవాళ్లు లేరు.

అందరి గంపల్లోనూ దింపాక, గుర్రం గంపల్లోంచి కూడా దింపాల్సి వచ్చింది. నియమం అందరికీ ఒకేలా వర్తిస్తుంది మరి.

ఆ సాయంత్రం గుర్రం తన తవుడంతా తిని, మూతి నాక్కుంటూ జ్వాల దగ్గరికొచ్చింది. అది బుక్క వేయలేదు, కూర్చోలేదు, కనీసం ఆగి చూడలేదు కూడా.

"తమ్ముడూ జ్వాలా! ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో! ఎంత గొప్ప చట్టం రాశావయ్యా. నిజంగా నువ్వు మేధావివి."

జ్వాల నోరు తెరిచాడు. చెప్పాల్సింది చాలా ఉంది. కానీ నోటిదాకా వచ్చిన ప్రతి వాక్యానికీ అడ్డంగా తాను రాసిన వాక్యమే ఒకటి నిలబడింది. నోరు మూసుకున్నాడు.

"రేపు మళ్లీ అడుగు," అంది సూరాలమ్మ.

"మళ్లీ కాదంటుంది అత్తా."

"ఎల్లుండి అడుగు."

"ఎన్నాళ్లు?"

"అది నన్నడుగుతావేం? నీకు మాట్లాడటం సరదా కదా."

ఈ కథలో మోసపోయింది నక్క అని బట్టీ జంతువులన్నీ చెప్పుకుంటాయి. జ్వాల మాత్రం ఒప్పుకోడు. అవతల గుర్రం తృప్తిగా సకిలించిన ప్రతిసారీ, మోసపోయింది తానేనని అంటాడు. అని, మూతి తుడుచుకుని, మళ్లీ అడగడానికి దాని దగ్గరికి బయలుదేరతాడు.

నీతి: ఒంటరిగా కూర్చునే హక్కు అందరికీ ఉంది, దాన్ని చూసి భయపడే మేస్త్రీ మాత్రం ఇంతవరకు పుట్టలేదు.